టేపు మాస్టారి కచ్చా కుట్టు

దళంలో ఆయన అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. మెడలో కొలతల టేపు తియ్యడం మరిచిపోయి ఆదివారం పరేడ్‌కి అలాగే వచ్చి నిలబడేవారు కాబట్టి టేపు మాస్టారు అన్నారు, అదే స్థిరపడిపోయింది. బస్సు డిపో ఎదురు వీధిలో, మేడమెట్ల కింద ఆయన కుట్టు దుకాణం. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, ఒక నిలువుటద్దం, దారాల డబ్బా, గుండీల డబ్బా. ఇవన్నీ పోగా మిగిలిన జాగాలో మాస్టారు. కొలతలివ్వడానికి ఒకడు లోపలికొస్తే రెండోవాడు మెట్ల మీద కూర్చోవాల్సిందే.

అద్దానికి ఎదురుగా మేకుకి ఒక బూడిదరంగు చొక్కా వేలాడుతుండేది. ప్రథమ చికిత్స దళం యూనిఫాం అది. కుడి చేతి మీద మూడు తెల్ల పట్టీలు. ఇరవై రెండేళ్ళ సేవకి ఆ మూడు పట్టీలు. అందులో మూడోది వచ్చి పదకొండేళ్ళు. ఆ తర్వాతది నక్షత్రం. భుజం మీద ఒకే ఒక్క తెల్ల నక్షత్రం, అది ఉన్నవాళ్ళే దళాధికారి. ప్యాంటు మడత కుడుతున్నా, కాజాలు వేస్తున్నా మాస్టారి కన్ను అద్దంలోంచి ఆ చొక్కా భుజం మీదికే పోయేది. ఆ బెత్తెడు ఖాళీ జాగా పదకొండేళ్ళుగా ఆయన్ని పీక్కుతింటోంది.

దళంలో జీతం లేదు, భత్యం లేదు. ఎక్కడ మనుషులు గుమిగూడితే అక్కడ ఓ మూల గుడారం వేసుకుని కూర్చుంటారు. మోకాలు కొట్టుకుపోయినవాళ్ళకి కట్టు, కళ్ళు తిరిగినవాళ్ళకి నీళ్ళు. చేతికొచ్చేది ఏమీ లేదు కాబట్టే ఆ పట్టీలకి అంత విలువ. ఇంకేం ఉందండీ అక్కడ కొట్టుకోవడానికి? నియమం కూడా ఒకటే: భుజం చూడు, మాట విను. మనిషి దెబ్బ తగిలి పడుంటే అక్కడ వాదనలు కూడదని పెట్టిన నియమం. నక్షత్రం ఉన్నవాళ్ళ మాట చెల్లుతుంది. వాళ్ళు లేకపోతే, పట్టీలు ఎవరికి ఎక్కువుంటే వాళ్ళ మాట. ఏమీ లేని చొక్కా నిన్నగాక మొన్న చేరినవాడిది, వాడు నోరు మూసుకుని సంచులు మొయ్యాలి.

కట్టు కట్టడంలో మాస్టారిని కొట్టేవాడు లేడు. చేతివేళ్ళలో ఇరవై రెండేళ్ళ దర్జీపని ఉంది మరి. ఆయన కట్టిన కట్టు ముడి కూడా కనపడదు, చొక్కా కాలరులా కూర్చుంటుంది. పక్కవాడు ఎవరైనా కట్టు కడితే మాస్టారు ఊరుకోలేరు. "ఏదీ, ఇలా తే" అని విప్పేసి, మళ్ళీ తనే కట్టేవారు. దెబ్బ తగిలినవాడు రెండుసార్లు మూలిగేవాడు గానీ, ఫొటోకి మాత్రం బాగుండేది.

ఇక రెండో మనిషి. మాస్టారి భార్యకి ఒక చెల్లెలు. ఆ చెల్లెలి మొగుడు డిపోలో బస్సు మెకానిక్. అంటే మాస్టారికి తోడల్లుడు. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో గ్రీజు పోని మనిషి, గట్టిగా నలుగురిలో మాట్లాడి ఎరగడు. ఆరేళ్ళ కిందట, ఆదివారాలు ఇంట్లో పడుకుని ఒళ్ళు పెంచుతున్నాడని మరదలు మొత్తుకుంటే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దళంలో చేర్పించింది సాక్షాత్తూ మాస్టారే. మొదటి చొక్కా కుట్టింది ఆయనే. మొదటి పట్టీ, రెండో పట్టీ కుట్టిందీ ఆయనే. దళంలో ఎవరికి ఏ గుర్తు వచ్చినా అది మాస్టారి చేతి మీదుగానే చొక్కా ఎక్కాలి, ఇంకొకరి సూది పడకూడదు. అదో ఆనవాయితీ. ఆ ఆనవాయితీ పెట్టింది కూడా మాస్టారే, తర్వాత ఏడ్చిందీ ఆయనే.

పాత దళాధికారి ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన పెద్ద నర్సమ్మ. మోకాళ్ళు సహకరించడం లేదు, తప్పుకుంటున్నాను, కొత్త అధికారి పేరు ఆదివారం చదువుతాను అన్నారు. ఆ ఆదివారం మాస్టారు చొక్కాని రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నారు. టేపు కూడా తీసేసి వెళ్ళారు. ఆశ ఏ స్థాయిలో ఉందో దాన్నిబట్టి తెలుసుకోవచ్చు.

నర్సమ్మ కళ్ళజోడు సరిచేసుకుని కాగితం విప్పారు. మాస్టారు అప్పటికే సగం అడుగు ముందుకేశారు. చదివిన పేరు తోడల్లుడిది.

వేసిన సగం అడుగు వెనక్కి తీసుకోవాలంటే ఎంత కష్టమో ఆ పూట ఆయనకి తెలిసింది. బూటు లేసు ఊడినట్టు కిందికి వంగి, ముడి విప్పి, మళ్ళీ వేసుకుని లేచారు. లేచేసరికి అందరూ మెకానిక్ చుట్టూ మూగి చేతులు కలుపుతున్నారు. వెళ్ళి తనూ కలిపారు. పెదాలు నవ్వాయి గానీ ముఖం మాడిపోయింది. రెండు పట్టీలవాడు! మూడో పట్టీ మొహం చూడకుండా ఎగిరి నక్షత్రం మీద కూర్చున్నాడు!

అందరూ వెళ్ళాక నర్సమ్మ దగ్గరికి నడిచారు.

"నా పనిలో లోపం ఏదైనా ఉంటే చెప్పండమ్మా."

"నీ కట్టులో లోపమేం లేదయ్యా" అన్నారావిడ, కర్ర మీద బరువు ఆనించి. "ఎవరు కట్టినా విప్పేసి నువ్వే కడతావు చూడు, అదీ లోపం. ఇరవై రెండేళ్ళు నీ పక్కన పనిచేసినవాళ్ళలో ఒక్కడికైనా కట్టు కట్టడం వచ్చిందా? ఆరేళ్ళలో అతని పక్కన పనిచేసిన నలుగురికి వచ్చింది. సరేగానీ, వచ్చే ఆదివారానికి నక్షత్రం కుట్టిపెట్టు."

నిజం కాని మాటైతే మాస్టారు పోట్లాడేవారు. అది నిజం కాబట్టే ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు మండిపోతూ ఇంటికొచ్చారు.

మర్నాడు మెకానిక్ తన చొక్కా మడతపెట్టి దుకాణంలో ఇచ్చి వెళ్ళాడు. మాస్టారు రెండు పట్టీలూ విప్పారు. నక్షత్రం వస్తే పట్టీలు తీసెయ్యాలి, అది దళం పద్ధతి. విప్పుతుంటే తన చేత్తో వేసిన గట్టి కుట్లు తెగనంటే తెగలేదు. తర్వాత తెల్ల ఫెల్టు గుడ్డ ముందేసుకుని కత్తెర పట్టుకుని కూర్చున్నారు. కూర్చునే ఉన్నారు. పూట గడిచింది, కత్తెర కదల్లేదు.

సాయంత్రం టీ తెచ్చిన భార్య గుండీ ఏదో కావాలని గుండీల డబ్బా తీసి కెలికింది. అడుగున, కాగితంలో చుట్టి, తెల్ల నక్షత్రం ఒకటి. అయిదు కొనలూ సూదిలా ఉన్నాయి. రెండేళ్ళ కిందట, వచ్చే ఏడాది ఎలాగూ నాదే కదా అనుకున్న రోజున, మాస్టారు తన కోసం కత్తిరించి దాచుకున్నది.

"అయ్యో, ఇదిగో సిద్ధంగానే ఉందిగా! మరిదిగారి కోసం ముందే కత్తిరించి పెట్టారా? మా చెల్లెలు వింటే ఎంత సంతోషిస్తుందో" అంది ఆవిడ.

మాస్టారు మింగనూ లేకపోయారు, కక్కనూ లేకపోయారు. "ఆ" అన్నారు. అంతే. ఆవిడ నక్షత్రాన్ని ఆ చొక్కా మీద పెట్టి, టీ గ్లాసు పక్కన పెట్టి, వెళ్ళిపోయింది.

అప్పుడు చేశారు ఆ పని. దర్జీలు కొత్త బట్ట తొడిగి చూసేముందు కచ్చా కుట్టు వేస్తారు. పొడుగ్గా, వదులుగా నాలుగు పోట్లు. కొలత కుదిరిందో లేదో చూసుకుని లాగేస్తే దారం మొత్తం జారిపోతుంది. నక్షత్రానికి చుట్టూ అరవై సన్న కుట్లు పడాలి. మాస్టారు నాలుగు కచ్చా కుట్లు వేసి, చివర ముడి కూడా వెయ్యకుండా వదిలేశారు. పరేడ్‌లో సెల్యూట్ చెయ్యడానికి చెయ్యి పైకి లేపుతాడు, నక్షత్రం ఊడి అందరి ముందూ మట్టిలో పడుతుంది, ఆహా, ఒక్కసారి ఆ ముఖం చూడాలి! ఇదీ ఆయన పథకం. పాతికమందికి ప్రాణాపాయంలో చెయ్యందించిన మనిషి బుద్ధి, కడుపుమంట పుట్టేసరికి ఇంతకి దిగజారింది.

ఆదివారం మెకానిక్ సెల్యూట్ చేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. నక్షత్రం కదిలితే ఒట్టు. మాస్టారు పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డారు. కచ్చాగా వేసినా గట్టిగా కూర్చునే తన చేతి పనితనం మీద ఆయనకి కోపం రావడం జన్మలో అదే మొదటిసారి.

ఇంట్లో ఆ వారమంతా నరకం. మరదలు నక్షత్రంతో ఉన్న మొగుడి ఫొటోకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించింది. "బావగారూ, కాస్త చూసి చెప్పండి, వంకరగా ఉందా?" అని ఆయన్నే పిలిచి చూపించింది. నిజంగానే కొంచెం వంకరగా ఉంది. బాగానే ఉందని చెప్పి వచ్చేశారు. అన్నం దగ్గర భార్య "మరిదిగారు ఎంత ఎదిగారో కదండీ" అంటే పెరుగు కలపకుండానే చెయ్యి కడిగేసుకున్నారు. గుడారంలో మెకానిక్ "అన్నయ్యా, మీరు ఆ పక్క చూసుకుంటారా?" అని మెత్తగా అడిగేవాడు. ఆజ్ఞాపిస్తే ఎదురు తిరగొచ్చు, ఇంత మర్యాదగా అడిగేవాడితో ఎలా పోట్లాడటం? దాంతో మంట ఇంకో రెండింతలయ్యేది.

మూడో వారం బడిపిల్లల పరుగు పందేలు. మైదానం పెద్దది కావడంతో పక్కపేట దళం నుంచి కూడా ఇద్దరు స్ట్రెచర్ మోసేవాళ్ళని పంపారు. వాళ్ళకి ఇక్కడివాళ్ళ ముఖాలు తెలియవు.

మొదటి పందెం ఇంకా మొదలే కాలేదు. ముగింపు గీత దగ్గర బ్యానరు కడుతున్న మనిషి నిచ్చెన మీంచి వెల్లకిలా పడ్డాడు. పడ్డ చప్పుడుకే తెలిసింది, మామూలు దెబ్బ కాదని. మెకానిక్, మాస్టారు ఇద్దరూ పరిగెత్తారు. మెకానిక్ ముందు చేరాడు. మోకాళ్ళ మీద కూలబడి, ఆ మనిషి తలని కదలకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు.

"కదలకు బాబూ, తల తిప్పకు. కాళ్ళు తెలుస్తున్నాయా?"

"తిమ్మిరెక్కినట్టుంది... కాళ్ళు ఉన్నట్టే లేదు" అన్నాడు పడ్డవాడు.

మెకానిక్ తలెత్తకుండానే, "అన్నయ్యా, మెడ దగ్గర దెబ్బ తగిలుండాలి. అంబులెన్సులో చెక్క స్ట్రెచర్ ఉంటుంది, అదొచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి" అన్నాడు.

ఆ మాట అంటుండగానే అతని భుజాన ఉన్న మందుల సంచి జారింది. జారుతూ జారుతూ దాని పట్టీ నక్షత్రాన్ని ఈడ్చుకుపోయింది. మూడు వారాలు మొండిగా నిలబడ్డ నాలుగు కుట్లూ ఒక్కసారిగా వదిలేశాయి. నక్షత్రం గడ్డిలో, మాస్టారి బూటు పక్కనే పడింది. మెకానిక్ చేతులు రెండూ ఆ మనిషి తలకే అంకితం. అతను తీసుకోలేడు.

మాస్టారు ఆలోచించి చేశారా అని అడిగితే, ఆలోచన కంటే ముందే కాలు కదిలింది. బూటు తీసుకెళ్ళి సరిగ్గా దాని మీద పెట్టారు.

పక్కపేట వాళ్ళిద్దరూ గుడ్డ స్ట్రెచర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. వెనకే మెడలో ఈలతో పందేల నిర్వాహకుడు. "తొందరగా తియ్యండయ్యా, పిల్లలు ఎండలో నిలబడ్డారు!" వచ్చినవాళ్ళు నేర్చుకున్న ప్రకారం ముందు భుజాలు చూశారు. నేల మీద ఉన్నవాడి భుజం ఖాళీ. చేతి మీద కూడా ఏమీ లేదు, ఉన్న రెండు పట్టీలు విప్పింది మాస్టారే కదా. నిలబడ్డవాడికి మూడు పట్టీలు.

"సార్, ఎత్తెయ్యమంటారా?"

"ఎత్తొద్దు" అన్నాడు మెకానిక్. "చెక్క స్ట్రెచర్ వచ్చేదాకా కదపొద్దు."

"నువ్వుండవయ్యా. సారు చెప్తారు" అన్నాడు వాళ్ళలో ఒకడు.

సారు! ఆ మాట ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. ముగ్గురు మనుషులు ఆయన నోటివైపు చూస్తూ నిలబడ్డారు. పదకొండేళ్ళుగా అద్దంలో చూసుకున్నది ఇదే. వద్దనాలని ఆయనకి తెలుసు. మెడ దెబ్బని కదపకూడదని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది ఆయనే. కానీ వద్దంటే ఆ మెకానిక్ మాటే నెగ్గినట్టవుతుంది. ఆ ఒక్క కుళ్ళుతోటే నోరు పెగల్లేదు.

"అన్నయ్యా" అన్నాడు మెకానిక్.

గట్టిగా అనలేదు. అన్నప్పుడు అతని చూపు మాస్టారి ముఖం మీద లేదు. మోకాళ్ళ మీద ఉన్న మనిషికి కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయి? అతను మాస్టారి బూటు వంక చూస్తున్నాడు.

మాస్టారు పలకకపోవడాన్ని వచ్చినవాళ్ళు సరే అనుకున్నారు. ఒకడు వంగి మోకాళ్ళ కింద చెయ్యి వేశాడు, ఇంకొకడు భుజాల కిందికి వేళ్ళు దూర్చాడు. పడ్డవాడు "అమ్మా" అన్నాడు. దెబ్బ తగిలినవాళ్ళందరూ అనే మాటే అది. మాస్టారు వెయ్యిసార్లు విన్నదే. కానీ ఈసారి ఆ మనిషి కళ్ళు తిప్పి, మూడు పట్టీలున్న మనిషినే నమ్ముకుని చూశాడు.

"ఆపండి! ముట్టుకోకండి!" మాస్టారు అరిచిన అరుపుకి ఇద్దరూ చేతులు వెనక్కి లాక్కున్నారు. "ఇక్కడ అధికారిని నేను కాదు. ఆయన. ఆయనెలా చెప్తే అలా చెయ్యండి."

"భుజం మీద ఏమీ లేదుగా సార్?"

మాస్టారు కాలు ఎత్తారు.

ఆ కాలు ఎత్తడానికి ఆయనకి పట్టింది ఒక్క క్షణమే గానీ, ఆయన లెక్కలో అది ఇరవై రెండేళ్ళంత బరువుంది. తెల్ల నక్షత్రం మీద మడమ ముద్ర నల్లగా, గీతలు గీతలుగా అచ్చు పడి ఉంది. నిర్వాహకుడు ఊదబోయిన ఈల దించేసి చూశాడు. వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మాస్టారు వంగి దాన్ని తీసి, జేబులోంచి పిన్నీసు తీసి, తోడల్లుడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని భుజానికి గుచ్చారు. ఎన్నడూ తడబడని వేలికి పిన్నీసు రెండుసార్లు గుచ్చుకుంది.

"నడుం దగ్గర పట్టుకోండి అన్నయ్యా, కదలకుండా" అన్నాడు మెకానిక్.

పట్టుకున్నారు. అంబులెన్సు వచ్చేదాకా ఇరవై నిమిషాలు ఇద్దరూ పక్కపక్కన మోకాళ్ళ మీదే ఉన్నారు. సాయంత్రానికి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది: మెడ ఎముక చిట్లింది, నరం తెగలేదు, కాలివేళ్ళు కదుపుతున్నాడు. గుడ్డ స్ట్రెచర్ మీద ఎత్తేసి ఉంటేనా, అని డాక్టరు అక్కడితో ఆపేశాడట.

మర్నాడు డిపో సైరన్ కూసాక మెకానిక్ దుకాణానికి వచ్చాడు. చేతిలో ఆ చొక్కా.

"నక్షత్రం కుట్టిపెట్టండి అన్నయ్యా."

మాస్టారు చొక్కా అందుకోలేదు. "అది దానంతటది ఊడలేదయ్యా. నేనే..."

"తెలుసు." మెకానిక్ మెట్టు మీద కూర్చున్నాడు. "వదులు బోల్టు నాకు తెలీదా? మొదటి రోజు ఇంటికెళ్ళి చొక్కా విప్పుతుంటేనే చూశాను. మీ మరదలు సూదిదారం తెచ్చింది, గట్టిగా కుడతానని. వద్దన్నాను."

"ఎందుకు వద్దన్నావు?"

"ఇంకొకరి సూది పడకూడదు కదా. మీరే ఒకరోజు పిలిచి సరిచేస్తారులే అని చూశాను." చొక్కా ఒళ్ళో పెట్టుకుని అన్నాడు, "తప్పు నాది కూడా. అక్కడ భుజం చూసే మాట వింటారని తెలిసీ అలాగే తొడుక్కొచ్చాను. ఆ మనిషికి ఏమైనా అయ్యుంటే మీ ఒక్కరి మీదే పోయేది కాదు."

మాస్టారు ఏమన్నా తిడతాడేమో అని ఎదురుచూశారు. తిడితే కొంచెం తేలికయ్యేది. అతను తిట్టలేదు. కొత్తది కత్తిరిస్తానన్నారు మాస్టారు, ఈ మరక పోయేలా లేదని. కొత్త గుడ్డ ఎందుకు దండగ, దీన్నే కుట్టెయ్యండి అన్నాడతను. అరవై కుట్లు, రెండు ముడులు. దారం కొరికి చొక్కా చేతికిచ్చేసరికి మాస్టారి మెడ వెనక చెమట టేపు మీదికి కారింది.

ఆదివారం పరేడ్‌లో నర్సమ్మ వచ్చి కూర్చున్నారు. దళాధికారి రాసిన ప్రమాద నివేదికని, పద్ధతి ప్రకారం, అందరి ముందూ చదివారు. "క్షతగాత్రుణ్ణి ఎత్తబోతుండగా మూడు పట్టీల నాయకుడు ఆపించారు. అందువల్ల వెన్నుకి ముప్పు తప్పింది." దళమంతా చప్పట్లు కొట్టింది. వెనక వరసలోవాళ్ళు పాదాలు కూడా నేలకేసి కొట్టారు. నర్సమ్మ తల ఊపారు. పదకొండేళ్ళుగా ఏ చప్పట్లకోసం చెవి కోసుకున్నారో ఆ చప్పట్లే, ఒక్కటి తక్కువ కాకుండా. ఎదురుగా మెకానిక్ కూడా కొడుతున్నాడు. కొట్టినప్పుడల్లా భుజం మీద ఆ మడమ మరక కదులుతోంది.

అయిపోయాక మాస్టారు అతన్ని పక్కకి లాగారు. "ఎందుకలా రాశావు?"

"జరిగిందే రాశాను కదన్నయ్యా."

"బూటు సంగతో?"

"దానికి ఫారంలో గడి లేదు" అని, సంచీ భుజాన వేసుకుని, కట్టు నేర్చుకోవడానికి ఎదురుచూస్తున్న కొత్తవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దుకాణంలో భార్య టీ గ్లాసు పెట్టి, ముఖం చూసి, అక్కడే నిలబడింది. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఆవిడ దగ్గర ఏం దాగుతుంది? గుండీల డబ్బాలో నక్షత్రం దొరికిన రోజే ఆవిడకి అంతా అర్థమైంది, అడగలేదు, అంతే.

"ఇంతమంది చప్పట్లు కొట్టారట కదా. ఇప్పటికైనా ఆ నక్షత్రం మీద కుళ్ళు పోయిందా?"

"నక్షత్రం మీద పోయింది."

"హమ్మయ్య."

"ఇప్పుడు వాడి మీద మొదలైంది" అన్నారు మాస్టారు, మిషను మీంచి తలెత్తకుండా. "నక్షత్రమంటే ఫెల్టు ముక్కే, కత్తిరించుకుని డబ్బాలో దాచుకున్నాను. వాడు చేసింది ఏ గుడ్డలోంచి కత్తిరించుకోనే?"

ఆవిడ చల్లారకముందే తాగండని గ్లాసు కొంచెం దగ్గరికి జరిపింది.